ఎడమ చెంప మీద మసి

రేణును కన్నతండ్రే ‘అక్కా’ అని పిలిచేవాడు.

ముద్దుకు కాదు, వేళాకోళానికీ కాదు. ఏ తమ్ముడైనా పెద్దక్కను పిలిచినట్టే, కాస్త చనువుగా, కాస్త భయంగా పిలిచేవాడు రాజప్ప. పొలం నుంచి రాగానే తిన్నె మీద కూలబడి, “అక్కా, చెంబుడు నీళ్ళియ్యి” అనేవాడు. అప్పటికి రేణుకు నాలుగేళ్ళు. బరువైన ఇత్తడి చెంబును రెండు చేతులా పొట్టకు ఆనించుకుని, తొణుకుతూ తెచ్చి ఇచ్చేది. చూసినవాళ్ళెవరూ నవ్వేవాళ్ళు కారు. ఊళ్ళో అందరికీ సంగతి తెలుసు.

ఆ ఊరు డెంకణికోట దాటి, బస్సు ఆగిపోయే చోటు నుంచి మూడు మైళ్ళు అడివి వైపు నడిస్తే వస్తుంది. రేణు తాత నారాయణప్పకు అక్కడ ఎనభై గొర్రెలు, రెండెకరాల రాగి చేను. ఆయనకు ఇద్దరు పిల్లలు. పెద్దది చౌడమ్మ, చిన్నవాడు రాజప్ప. చౌడమ్మకు పంతొమ్మిదేళ్ళప్పుడు, రాగి చేను కాపలాకు మంచె మీద ఉండగా, తెల్లవారకముందే ఏనుగు వచ్చి మంచెను తోసేసింది. పిల్ల దక్కలేదు.

పాతిపెట్టే ముందు నారాయణప్ప దీపం మసిని ఆముదంలో రంగరించి, కుడి బొటనవేలితో తీసుకుని, కూతురి ఎడమ చెంప మీద, కంటికి కిందగా ఒత్తాడు. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టిన ఆచారం అది. మేత కోసం మందను పై ఊళ్ళకు తోలుకుపోయేటప్పుడు గొర్రెకు చెవి మీదో వీపు మీదో గుర్తు పెడతారు. పరాయి మందలో కలిసిపోయినా ఆ గుర్తు చూపించి అడిగి తెచ్చుకోవచ్చు. ఆయుస్సు తీరకుండా పోయిన పిల్లలకూ ఆ ఇంటివాళ్ళు అదే చేసేవాళ్ళు. ఎక్కడ పుట్టినా గుర్తుతో పుడుతుంది, మనది మనకు దొరుకుతుంది అని.

ఎనిమిదేళ్ళ తరువాత రాజప్ప భార్య మునివెంకటమ్మ ఆడపిల్లను కన్నది. బిడ్డ ఒళ్ళు తుడిచి వెలుతురులోకి తెచ్చిన మంత్రసాని, గుడ్డ కొసను మళ్ళీ మొహం మీదికి లాగేసింది. ఎడమ కంటి కింద, సరిగ్గా అక్కడే, నీలమూ నలుపూ కలిసిన మచ్చ. నారాయణప్ప బిడ్డను చేతుల్లోకి తీసుకుని గుడ్డ తొలగించి చూశాడు. ఏడవలేదు.

“వచ్చినావా తల్లీ,” అన్నాడు. “ఇంత ఆలస్యమా?”

ఆ రోజు నుంచి ఆ పిల్ల ఆ ఇంట్లో చౌడమ్మే. రేణు అన్న పేరు బడిలోకీ రేషన్ కార్డులోకీ మాత్రం పనికొచ్చింది. చౌడమ్మ వెండి కడియాలు ఆమె కాళ్ళకు వేశారు. రాగి చేనులోకి ఆమెను అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కారు. ఏటా కొత్త రాగులతో వండిన మొదటి సంగటి ముద్దను తాత ఆమె ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఏదో వినాలని వచ్చినవాడిలా నిలబడేవాడు. రేణు తినేది. తినడం అయిపోయేది. తాత కాసేపు చూసి, నిట్టూర్చి, మందలోకి వెళ్ళిపోయేవాడు. ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. ఏడాదికేడాది ఆ చూపు బరువెక్కుతూ వచ్చింది.

ఆరేళ్ళప్పుడు పాలు ఒలకబోసిందని మునివెంకటమ్మ వీపు మీద ఒక్కటి వేసింది. రాజప్ప లేచి, “ఎవరిమీద చెయ్యేసినావో తెలుసునా నీకు?” అన్నాడు. తరువాత తల్లి ఆ పిల్లను కొట్టలేదు. దగ్గరికి తీసుకోనూ లేదు. తలదువ్వేటప్పుడు కూడా మొగుడి అక్కకు దువ్వినట్టు ఒళ్ళు తగలకుండా దువ్వేది. పదేళ్ళప్పుడు మాత్రం, మామిడికాయలు అమ్మే నెపంతో ఒకసారి కృష్ణగిరి తీసుకుపోయి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒక డాక్టరుకు మచ్చ చూపించింది. పెద్దయ్యాక చూద్దామన్నాడాయన. ఆ మాట ఇద్దరూ ఇంట్లో ఎత్తలేదు.

పంతొమ్మిదేళ్ళకు రేణు హోసూరుకు వచ్చి, బండ్ల ఇంజన్లలోకి పోయే ఉక్కు పిన్నులు తయారు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దే పనిలో చేరింది. అక్కడ తనిఖీ బల్ల దగ్గర జయరామప్ప అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన పిన్నును రెండు వేళ్ళ మధ్య దొర్లించే తీరును రేణు దూరం నుంచి చూసేది. భోజనం వేళ, తీసిపారేసిన పిన్నులను ఏరుకుని తనూ దొర్లించేది. ఎవరూ నేర్పలేదు. ఏడాది తిరిగేసరికి వెంట్రుకలో సగమంత గీత ఉన్నా గోరంచుతో పట్టేసేది. మైక్రోమీటరు పెట్టి చూస్తే ఆమె చెప్పిందే తేలేది. జయరామప్ప రిటైరైన రోజు తన మైక్రోమీటరును తెచ్చి ఆమె ముందు పెట్టి, తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన ఇచ్చిన సర్టిఫికెట్టు అదే. అప్పటి నుంచి ఆ బల్ల రేణుదే.

ఆమెతో పాటు గదిలో ఉండేది అమృత. నరసరావుపేట నుంచి వచ్చి అదే ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తోంది. నోటికి తాళం లేని మనిషి. ఒక ఆదివారం పొద్దున తలకు నూనె రాసుకుంటూ అంది.

“ఏవే రేణూ, బస్టాండు అవతల స్కిన్ ఆస్పత్రిలో లేజర్ పెట్టి మచ్చలు తీసేస్తున్నారంట. మన అకౌంట్స్ ఆయన మంగు మచ్చలకి వెళ్ళొచ్చి సినిమా హీరోలా తిరుగుతున్నాడు. నీదీ చూపిద్దాం రా.”

“నాది మంగు కాదు. పుట్టుకతో వచ్చినేది.”

“అయితే? పుట్టుకతో వచ్చిందని ఉంచుకుంటామా? నాకు పుట్టుకతో బద్ధకం వచ్చింది, నువ్వు రోజూ తిట్టట్లా?”

రేణు నవ్వింది. కానీ ఆ మాటలో ఆమెకు తగిలింది లేజర్ కాదు, మొదటి పిలుపు. హోసూరులో అందరూ రేణూ అంటారు. ఆ పేరు విన్న ప్రతిసారీ లోపల ఏదో తన సొంత చోట్లో కూర్చున్నట్టు ఉంటుంది. శనివారం సాయంత్రం ఊరి బస్సెక్కితే ఆ చోటు పోతుంది. బస్సు గులాబీ తోటల ప్లాస్టిక్ పందిళ్ళు దాటి అడివి వైపు తిరిగేసరికి, ఆ సీట్లో తను కూర్చుని లేదు, ఎవరినో తీసుకుపోతున్నారు అనిపిస్తుంది. ఇరవై ఏడేళ్ళు వచ్చాయి. తన ఇంట్లో తన పేరుతో ఒక్క పూట బతకాలని ఉంది.

ఊరికి వెళ్ళి, మచ్చ తీయించుకుంటానని చెప్పింది.  రాజప్ప చిన్నపిల్లవాడి గొంతుతో అడిగాడు.

“పోతావా అక్కా?”



“నేను యాడికీ పోను నాయినా. మచ్చ పోతాది, అంతే.”

“మచ్చ పోతే ఆమె పోతాది. ఆమె పోతే మా నాయిన బతకడు. ఇరవై ఏడేండ్లుగా ఆ మచ్చ చూసుకొని బతుకుతాండాడు. నీ ఇష్టం.”

బస్సు కోసం నడుస్తుంటే వెనక ఎవరో వస్తున్న అలికిడి. మునివెంకటమ్మ. రొప్పుతూ వచ్చి, కూతురికి అడుగు దూరంలో ఆగింది.

“చేయించుకో. వాళ్ళు ఏమన్నా అననీ. కన్నది నేను. ఒక్కసారన్నా నా బిడ్డ మొహం నేను చూడాల.”

అంతే చెప్పి వెనక్కి తిరిగింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక దీపం కింద మచ్చను చాలాసేపు చూసింది. మచ్చ పైతోలులో లేదు, లోతున ఉంది. లేజర్ వెలుతురు తోలును కోయకుండా లోపలికి వెళ్ళి ఆ రంగును పొడి పొడి చేస్తుంది. రెండు మూడు నెలలకు ఒకసారి, అయిదు సిట్టింగులైనా పడతాయి. మధ్యలో మొహానికి ఎండ తగలకూడదు, క్రీము మరవకూడదు. ఆమె చెప్పిన తీరు రేణుకు నచ్చింది. పని తెలిసినవాళ్ళ మాటల్లా ఉన్నాయి, కుదురుగా, కొలతగా.

“ఆ పొడి యాడికి పోతాది డాక్టరమ్మా?”

“ఎక్కడికీ పోదు. నీ ఒళ్ళే కొంచెం కొంచెంగా లోపలికి తీసేసుకుంటుంది.”

రేణు తల ఊపింది. మెట్లు దిగుతుంటే ఆ మాట మళ్ళీ వినిపించింది. లోపలికి తీసేసుకుంటుంది.

మొదటి సిట్టింగుకు చెంపకు మత్తు క్రీము రాసి ముప్పావు గంట కూర్చోబెట్టారు. తరువాత పడుకోబెట్టి రెండు కళ్ళ మీదా లోహపు మూతలు పెట్టారు. చీకటి. టక్, టక్, టక్. ఒక్కొక్క దెబ్బా రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టు తగులుతోంది. వెంట్రుకలు కాలిన వాసన వస్తోంది. నాలుగైదు నిమిషాలయ్యాక ఆ శబ్దం మారింది. అది మిషను చప్పుడు కాదు. దూరంగా ఎవరో రేకు డబ్బా మీద కర్రతో కొడుతున్నారు. ఏనుగులను తరమడానికి కొట్టినట్టు, ఆగకుండా. కింద మంచం ఉన్నట్టు లేదు. ఎత్తున, వెదురు బద్దల మీద పడుకున్నట్టు, గాలికి ఆ బద్దలు కొద్దిగా ఊగుతున్నట్టు ఉంది.

“అయిపోయిందమ్మా,” అని డాక్టరమ్మ మూతలు తీసింది. గదిలో ట్యూబులైటు, గోడ మీద క్యాలెండరు. చెంప తెల్లగా పొంగి ఉంది.

మంచె గురించి చిన్నప్పటి నుంచీ విన్నాను కదా, అదే తలకెక్కింది అనుకుంది రేణు. వారానికి పొక్కు కట్టి రాలింది. రెండు నెలలకు మచ్చ అంచులు పలచబడ్డాయి. ఇంటికి వెళితే నారాయణప్ప కళ్ళు చికిలించి చూశాడు.

“మొహానికి మబ్బు పట్టిందేమే చౌడా? తేటగా కనబడటంలే నువ్వు.”

రెండో సిట్టింగులో డబ్బా చప్పుడు దగ్గరికి వచ్చింది. పచ్చి రాగి గడ్డి వాసన. ఉన్నట్టుండి రేణు కుడికాలు మంచం అంచు దాటి కిందికి జారింది. బొటనవేలు కిందికి సాగి ఏదో వెతుకుతోంది. ఒక మెట్టును వెతుకుతోంది. అక్కడ ఉండాల్సిన మెట్టు లేదు. వేలు గాలిలో ఆడుతోంది. అది తను చేస్తున్న పని కాదు.

“కాలు కదపకమ్మా,” అంది డాక్టరమ్మ.

“నేను కదపలా,” అంది రేణు.

మూడో సిట్టింగు తరువాత మచ్చ చుట్టూ ఉన్న మసక మొత్తం పోయి, నడుమ ముద్దగా ఒక నల్లని ఆకారం మిగిలింది. పొద్దున అద్దం ముందు నిలబడి పళ్ళు తోముకుంటున్న రేణు చెయ్యి ఆగిపోయింది. కోడిగుడ్డు ఆకారం. పై అంచు గుండ్రంగా, కింది అంచు కాస్త నలిగినట్టు. నడుమ ఏటవాలుగా, దారమంత సన్నని తెల్లని గీత. రోజుకు రెండు వేల పిన్నులు చూసే కన్ను ఆమెది. ఆ గీతను ఎక్కడో చూసింది.

ట్రేసింగు కాగితం చెంప మీద పెట్టి పెన్సిలుతో ఆ అంచు గీసుకుంది. మంచం మీద నుంచి అమృత చూసి పకపకా నవ్వింది.

“ఓసి నీ తనిఖీ తగలెయ్య! మొహానికి కూడా గేజీ పెడతావా? ఫెయిలైతే ఏం చేస్తావే, కంపెనీకి తిప్పి పంపిస్తావా?”

“సుమ్మనుండు,” అంది రేణు. ఆమె గొంతు విని అమృత నవ్వడం మానేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నారాయణప్ప తిన్నె మీద నిద్రపోతున్నాడు. కుడిచెయ్యి వెల్లకిలా పడి ఉంది. రేణు పక్కన కూర్చుని కాగితాన్ని ఆయన బొటనవేలి మీద పరిచింది. అంచుకు అంచు కలిసింది. వేలి నడుమ ఏటవాలుగా పాత గాయం ఉంది. పడుచు వయసులో రెమ్మలు నరుకుతుంటే మచ్చుకత్తి దిగిన చోటు. ఆ గాయం గీత కాగితం మీది గీత కిందే ఉంది. వెంట్రుక వాసి తేడా లేదు.

రేణు నమ్మలేదు. కొలత మీద నమ్మకం లేక కాదు, లెక్క కుదరక. పుట్టినప్పుడు ఆ మచ్చ కందిగింజంత ఉండేదని అమ్మ చెప్పింది. మొహంతో పాటే పెరిగింది. మరి ఇప్పుడు, ఇరవై ఏడేళ్ళకు, సరిగ్గా వేలంత ఎలా ఉంటుంది? ఎవరో ఒత్తిన వేలు ఇంకా తీయలేదా? ఆమె కాగితం మడుస్తుండగా నారాయణప్ప కళ్ళు తెరిచాడు. ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు.

“ఎవరదీ?”

రేణు ఎడమ చెంప ఆయన వైపు తిప్పింది. ముసలాయన చూపు ఆ నల్లని ఆకారం మీదికి పోయి, అక్కడ ఆగి, నెమ్మదించింది. “నువ్వా,” అన్నాడు. ఆమెకు అప్పుడు తెలిసింది. మందలో ఎనభై గొర్రెలను ఎనభై మొహాలతో గుర్తుపట్టే మనిషి ఆయన. ఒక్క గొర్రెకూ రంగు గుర్తు చూసి పేరు పెట్టి ఎరుగడు. అలాంటి మనిషి ఇన్నేళ్ళలో ఆమె మొహం చూడనే లేదు. ఒక వేలిముద్ర మాత్రం చూశాడు.

ఆ సాయంత్రం రాజప్ప బస్సు దాకా వచ్చాడు. “ఉండేంత ఉండనీ అక్కా. అది కూడా తీసేస్తే నాయిన ఏమైపోతాడో. నీ కాళ్ళకు దండం పెడతా.”

కన్నతండ్రి నిజంగానే వంగబోయాడు. రేణు ఆయన భుజాలు పట్టుకుని లేపింది. నాలుగో సిట్టింగు తేదీ వచ్చింది, పోయింది. ఆమె వెళ్ళలేదు. డాక్టరమ్మ దగ్గర నుంచి ఫోను వస్తే ఎత్తలేదు.

కానీ కాలు ఊరుకోలేదు. ముందు మంచం మీదే అనుకుంది. తరువాత బస్సులో నిలబడి ఉంటే వేలు కిందికి సాగేది. ఒకరోజు పట్టపగలు, తనిఖీ బల్ల ముందు, నలుగురూ చూస్తుండగా కుడికాలు నేల మీద నుంచి వెనక్కి జరిగి, వేలు వంగి, లేని మెట్టును తడమసాగింది. రేణు ట్రేతో సహా కింద పడింది. రెండువందల పిన్నులు నేలంతా దొర్లాయి.

మోకాళ్ళ మీద వంగి ఒక్కొక్కటే ఏరుతూ ఆలోచించింది. భయం లేదు. లోపం ఎక్కడుందో వెతికేటప్పుడు ఉండే నిదానం ఉంది. ఎవరో దిగాలని చూస్తున్నారు. దిగడానికి ఆసరా దొరకడం లేదు. పైన వేలు ఒత్తి పట్టుకుని ఉన్నారు. పట్టుకున్నవాళ్ళు ప్రేమతోనే పట్టుకున్నారు, కాదనలేదు. కానీ ఆ పిల్ల దిగాలనుకుంటోంది.

మరునాడే ఆస్పత్రికి ఫోను చేసింది. నాలుగో సిట్టింగు అయింది. మళ్ళీ మూడు నెలలకు అయిదోది. ఆ మధ్య ఊరికి వెళ్ళలేదు. అయిదోసారి కళ్ళ మీద మూతలు పెట్టగానే చప్పుడు చెవి పక్కనే మొదలైంది. వెదురు విరిగిన శబ్దం. కాలు కిందికి జారింది, వెతికింది. ఈసారి రేణు ఆపలేదు. కాలును దాని దారిన పోనిచ్చింది. అది కిందికి, ఇంకా కిందికి సాగింది. మెట్టు తగల్లేదు. ఎక్కడో మెత్తని మట్టి తగిలింది. డబ్బా చప్పుడు ఆగిపోయింది. చెంప మీద మిషను మాత్రం టక్ టక్ అంటోంది, వట్టి మిషనులాగే.

పొక్కు రాలి, చర్మం తేటపడి, డాక్టరమ్మ దీపం కింద చూసి ఇంక చాలంది. ఆ వారమే రేణు ఊరికి వెళ్ళింది. వాకిట్లోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మంద అప్పుడే దొడ్డి చేరింది. దొడ్డి తడిక వాలుగా ఉంటే తనే సరిగ్గా నిలబెట్టి, తాడు రెండు చుట్లు చుట్టి, ముడి బిగించి తిన్నె దగ్గరికి వచ్చింది.

నారాయణప్ప ఆమెను తేరిపార చూశాడు. చూపు ఎడమ చెంప మీద వెతికింది. అక్కడ ఏమీ లేదు.

“ఎవరమ్మా నువ్వు? ఎవరింటికి వచ్చినావు?”

“రేణుని తాతా. హోసూరు నుంచి వచ్చినాను.”

“హోసూరా. అంత దూరం నుంచి వచ్చినావు. కూర్చో, కూర్చో. మునివెంకటా, ఎవరో బిడ్డ వచ్చినాది, నీళ్ళు తీసుకురా.” ఆయన గొంతులో పరాయివాళ్ళతో మాట్లాడే మర్యాద ఉంది.  మునివెంకటమ్మ గడపలో నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

రేణు ఆయన పక్కన కూర్చుంది. ముసలాయన దొడ్డి వైపు చూస్తూ మాట్లాడసాగాడు.

“మా ఇంట్లో ఒక బిడ్డ ఉండె. చౌడమ్మ అని. పోయింది, మళ్ళీ వచ్చింది, ఇంట్లోనే ఉండాది. యాడుందో ఈ మధ్య కంటికి ఆనటంలే. దానికి ఒక మాట చెప్పాలని ఇన్నేండ్లూ చూస్తాండా. దాని మొహం చూస్తే నోరు రాదు. నువ్వు పరాయిదానివి, నీతో చెప్తే దోషం లేదు కదా?”

“చెప్పు తాతా.”

“మంచె మీద కాపలా పెట్టినా దాన్ని. భయపడి రెండు దినాలు దిగి ఇంటికి పరిగెత్తుకొచ్చింది. చేను సగం ఏనుగుల పాలాయె. మూడో దినం అది మంచె ఎక్కినాక నేను నిచ్చెన తీసేసినా. ‘నాయినా వద్దు, నాయినా వద్దు’ అని పైనుంచి అరిచింది. తీసి గట్టు మీద పెట్టినా. పొద్దున్నే వచ్చి వేస్తా కదా అనుకొంటి.” ఆయన ఎడమచెయ్యి కుడి బొటనవేలిని గట్టిగా పట్టుకుంది. “పరిగెత్తే పిల్లమ్మా అది. నిచ్చెన ఉండుంటే దిగి పరిగెత్తేది. ఊరోళ్ళు వచ్చేలోగా నేనే నిచ్చెన తెచ్చి మంచె పక్కన పడేసినా. ఎవరికీ తెలీదు. రాజప్పకూ తెలీదు.”

రేణు అరికాలు చల్లబడింది. ఆ మెట్టు ఎందుకు తగల్లేదో ఇప్పుడు తెలిసింది. ఆ సంగతి ఈ లోకంలో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె కాలికి మాత్రం ఏడాదిగా తెలుసు.

“చెప్పమ్మా. నిచ్చెన సంగతి తెలిస్తే అది నన్ను ఏమంటాది?”

ఆయన చేతులు కట్టుకున్నాడు. ఏటా సంగటి ముద్ద ముందు కట్టుకున్నట్టే. ‘పోనీలే నాయినా’ అని ఒక్క మాట చౌడమ్మ గొంతుతో అంటే చాలు. ఈ ఇంట్లో ఇరవై ఏడేళ్ళు చౌడమ్మగా బతికిన మనిషికి అది కష్టం కాదు. మాట నాలుక దాకా వచ్చింది. రేణు దాన్ని మింగింది. తెలియని కొలతకు సరి అని రాసే అలవాటు ఆమెకు లేదు.

“ఏమంటాదో నేను చెప్పలేను తాతా. నేను ఆమెను కాదు. కానీ నిచ్చెన సంగతి ఆమెకు తెలుసు.”

ముసలాయన గిర్రున ఆమె వైపు తల తిప్పాడు. “తెలుసునా?”

“తెలుసు. మొదటినుంచీ తెలుసు.”

“తెలిసీ...” ఆయన పెదవులు కదిలాయి. “తెలిసీ ఈడికే వచ్చిందా? నాకు చెంబుతో నీళ్ళిచ్చిందా? తెలిసీ ఇన్నేండ్లు నా ఎదుట కూర్చొని నేను పెట్టిన ముద్ద తినిందా?”

“తినింది తాతా.”

 ఆయన ఏడుపు చప్పుడు లేకుండా చాలాసేపు సాగింది. చేతులు వాటంతటవే విడిపోయాయి.

దొడ్డిలో గొర్రెలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. ఒక్కటీ అరవలేదు. మంద నడుమకు చీలి, ఒక మనిషి నడిచేంత దారి వదిలి, ఇరువైపులా సర్దుకుంది. ఎనభై తలలూ ఆ దారి వెంబడే మెల్లగా తిరుగుతూ పోయి, అడివి వైపు ఆగాయి. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

అప్పుడే రాజప్ప బిందెతో వచ్చాడు. “అక్కా, ఎప్పుడు వచ్చి...” అంటూ రేణు మొహం చూసి ఆగిపోయాడు.

“ఎవర్ని పిలుస్తాండావురా?” అన్నాడు నారాయణప్ప. “ఇది హోసూరు పిల్ల. అది ఇప్పుడే పోయింది.”

మునివెంకటమ్మ గడప దిగి వచ్చింది. ఎవరి అనుమతీ అడగలేదు. కూతురి గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పి, ఆ చెంప మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. చేతికి పొయ్యి బూడిద వాసన.

నారాయణప్ప కూడా అటే చూస్తున్నాడు. సంతలో కొత్త గొర్రెను చూసినట్టు చూశాడు. నుదురు, కనుబొమలు, చెవి తమ్మెలు, గడ్డం మీద చిన్న గుంట. ఒక్కొక్కటీ చూసి, లోపల ఎక్కడో పెట్టుకుంటున్నట్టు తల ఆడించాడు.

“పేరేమంటివి?”

“రేణు.”

“రేణమ్మా, తడిక తీసి పోయినట్టుండాది. వేసి రా తల్లీ. గొర్రెలు అడివిలో పడతాయి.”

రేణు వెళ్ళి చూసింది. తను కట్టిన తాడు ముడి విప్పి ఉంది, గుంజకు వేలాడుతోంది. తడిక బయటికి తెరిచి ఉంది, ఒక మనిషి పట్టేంత. అడివి దారి వైపు చూడాలనిపించింది. చూడలేదు. తడికను గుంజకు చేర్చి, తాడు మళ్ళీ చుట్టి కట్టింది. ఇంట్లో నుంచి అమ్మ పేరు పెట్టి కేకేస్తోంది, సంగటి చల్లారిపోతుందని.